మేము కుట్టిన బిళ్లలు

దసరా సెలవులకు వచ్చిన మా ఆడుబిడ్డ కుమార్తె బట్టల సంచి విప్పకమునుపే యొక కాగితము తీసి మా ముందు పఱచెను. దానిపై పళ్లెమంత వృత్తము, వృత్తములో కొయ్యచట్రము గల నల్లని పలక, పలకపై నెఱ్ఱని గోళము, అంచు వెంబడి ఇంగ్లీషు అక్షరములతో ఆఱు పేర్లు వ్రాయబడి యున్నవి. "అత్తా, దీనిని మూడున్నర అంగుళముల వెడల్పున గుడ్డమీద కుట్టి ఆఱు బిళ్లలు ఇయ్యవలెను. కార్తికము దాటకూడదు" అని చెప్పెను.

మేమనగా ఈ యింటి కోడండ్ర మిరువురము. మార్కాపురమునకు కాపురము వచ్చి ఒకరికి ముప్పది యేండ్లు, ఒకరికి ఇరువదియాఱేండ్లు కావచ్చినది. ఇంటిపని తీరిన పిమ్మట పెండ్లిరవికెలపై మగ్గపు పని చేసి, వచ్చిన దానిని పిల్లల చదువులకు చేర్చుచుందుము. నెమళ్లు, తామరలు, అంబారీ యేనుగులు లెక్కలేనన్ని కుట్టితిమి గాని గ్రహగోళములను కుట్టు మని యడిగినవారు అదివఱకు లేరు. ఆ పిల్ల తలిదండ్రులది గిద్దలూరు వైపు పల్లె. ఉన్నతపాఠశాల చదువంతయు మా యింటనే యుండి చదివినది గనుక, ఆడుబిడ్డ కూతురన్న మాటయే గాని, మా చేతులలో పెరిగిన పిల్ల.

మా అత్తగారు మంచముమీదనుండి చేయిచాచి కాగితము పుచ్చుకొని, కంటికి దగ్గఱగా పెట్టుకొని చూచి, "ఇదేం బిళ్లే? బంట్రోతు బిళ్లా?" అని యడిగిరి. పూర్వము కచేరి బంట్రోతులు పట్టీకి తగిలించుకొనిన ఇత్తడి బిళ్ల ఆమె ఎఱుగుదురు. పిల్ల నవ్వి, ఆకాశయాత్ర చేయువారు తమ యంగీలపై కుట్టుకొను గుఱుతు ఇది యనియు, దీనిని ప్యాచి యందురనియు చెప్పెను.

"అట్లయితే నువ్వు ఆకాశానికి పోతాండావా?"

"లేదవ్వా. పోయినట్టుగా నేలమీదనే రెండు వారాలు ఉంటాము."

"పోనోళ్లకు బిళ్ల ఎందుకే?"

పిల్ల ఏమియు చెప్పలేకపోయెను. మాకును ఆ సమయమున జవాబు తోచలేదు.

సోదరీమణులలో ననేకులు మా అత్తగారివలెనే యడుగుదురు గనుక, ఆ పిల్ల మాకు చెప్పినంత, మేము తరువాత చదివి తెలిసికొనినంత ఇక్కడ చెప్పెదము. అంగారకగ్రహమునకు మనుష్యులు పోవలెనన్న ఒక్క పోకకే ఆఱు నెలలకు పైగా పట్టును. అన్ని నెలలు నలుగురైదుగురు ఒక చిన్న గదిలో మూయబడి, కొలిచిన నీటితో, ఎండబెట్టిన కూరలతో, ఒకరి ముఖ మొకరు చూచుకొనుచు ఉండవలెను. యంత్రము చెడిన బాగుచేయు విద్య వేఱు, మనుష్యునికి మనుష్యుడు విసుగుపుట్టకుండ బ్రదుకు విద్య వేఱు. ఈ రెండవదానిని ముందుగా నేలమీదనే అభ్యసింప వలెనని తలంచి, ఆ గ్రహమును పోలిన బీడునేలలలో విడిదులు కట్టి, నిజముగా నక్కడికి పోయినట్లే మెలగుదురు. అమెరికాదేశమందలి యూటా ఎడారిలో మార్సు సొసైటీ వారు 2001లో నెలకొల్పిన విడిది ఇట్టిది. అందు ఆఱేడుగురు సుమారు రెండు వారము లుందురు. శిరస్త్రాణము, మూపున సంచియు ధరింపక గడప దాటరాదు. మాస్కోనగరమున 2010 జూను మొదలు 2011 నవంబరు వఱకు ఆర్గురు పురుషులు 520 దినము లొక మూసిన కట్టడములో గడపిరి. హూస్టనులో నాసా వారు కట్టిన 1,700 చదరపుటడుగుల యింటిలో నలుగురు 2023 జూను 25 నుండి 2024 జూలై 6 వఱకు కాపురముండిరి. అక్కడ బయటివారితో మాటాడిన మాట చేరుటకు ఇరువది నిముషములకు పైగా ఆలస్యము కలుగునట్లు ఏర్పాటు చేసిరట. అంత దూరపు గ్రహమునుండి మాట వచ్చుటకు నిజముగా నంత కాలము పట్టును గదా!

మన దేశములోను లేహి పట్టణమున 2024 నవంబరులో ఇట్టి యభ్యాసము మొదలైనది. 2025 ఆగస్టులో లదాకులోని త్సోకారు సరస్సు చెంత, సముద్రమునకు 4,500 మీటర్ల పైయెత్తున, ఇరువురు పదిదినములు గుండ్రని విడిదిలో గడపిరి. తెలుగువారిలో పాలకొల్లు పట్టణపు జాహ్నవి దంగేటి 2022లో పోలండు దేశమునకు పోయి ఇట్టి శిక్షణ పొందినది. ఆ వార్త వచ్చిన పత్రికను మా పిల్ల కత్తిరించి లెక్కల పుస్తకములో దాచుకొనుట మేము చూచితిమి. అప్పుడు దాని యర్థము మాకు తెలియలేదు.

విడిదిలోని నియమములు పిల్ల చెప్పుచున్నప్పుడు మాకు కొంత నవ్వు వచ్చినమాట నిజము. దినదినము స్నానము లేదట. పాత్రలు కడిగిన నీటిని లెక్కవ్రాయవలెనట. మా పశ్చిమ ప్రకాశములో ఈ లెక్క వ్రాయని ఇల్లాలెవరు? వేసవిలో ట్యాంకరు వచ్చు వీధికొసకు బిందెలు వరుసపెట్టి, వచ్చిన నీటిని త్రాగుటకింత, వంటకింత, ఎనుముకింత యని పంచుకొను నాడువాండ్రకు ఏ విడిదివారును బిళ్ల కుట్టి ఇయ్యలేదు. 1970లో ప్రకాశము జిల్లా యేర్పడుటకు ముందు మేము కర్నూలు జిల్లావారము. జిల్లా మారినది గాని నీళ్లు మారలేదని మా మామగారు బ్రదికియున్న దినములలో అనుచుండెడివారు.

ఇక బిళ్ల మాట. పిల్లకు ఎంపికయైన విడిది అమెరికా ఎడారులలోనిదే. పేరు చెప్పుట అవసరము కాదు. ఆఱుగురి కూటమిలో ఒక్కొక్కరు ఒక్కొక్క బొమ్మ గీయగా అందఱకు మా పిల్ల గీసిన పలక నచ్చినదట. యంత్రముపై కుట్టించుటకు పోగా నూటికి తక్కువైన ఆర్డరు తీసికొన మనిరట. అందుచే మా యొద్దకు తెచ్చినది.

పలకయే యెందుకని యడిగితిమి. మార్కాపురపు పలక యెఱుగని పిల్లలు ఒకప్పుడు ఆంధ్రదేశములో లేరు. ఊరిచుట్టునున్న గనులలో పొరలు పొరలుగా విడివడు నల్లరాతిని ఉలితో చీల్చి, నునుపుచేసి, చట్రము బిగించి బండ్లకొలది పంపుచుండిరి. ఆ పనిలో ఆడువాండ్రు మగవారితో సమముగా దుమ్ము మ్రింగిరి. కాగితపు పుస్తకములు, ప్లాస్టికు పలకలు వచ్చిన పిమ్మట ఆ వ్యాపారము సన్నగిల్లి, ఇప్పుడు ఆ రాయి గోడలకును నేలలకును పలకలుగా పోవుచున్నది. పిల్ల మాకిచ్చిన సమాధాన మిది: "పలకమీద రాసింది తప్పయితే తుడిచి మళ్లీ రాయొచ్చు గదత్తా. మేము చేసేదీ అంతే. అక్కడ తప్పు చేస్తే ప్రాణం పోతుంది. అందుకని ఇక్కడ చేసి తుడుచుకుంటాము."

మా అత్తగారి ప్రశ్నకు సగము జవాబు అప్పుడు దొరకినట్లయినది.

పని మొదలుపెట్టకమునుపు ఇట్టి బిళ్లల పుట్టుపూర్వోత్తరములు పిల్ల చేత చెప్పించుకొంటిమి. కుట్టువారికి అవి వినుట యొక వేడుక. 1963 జూనులో ఆకాశమునకు పోయిన మొదటి స్త్రీ వాలెంటినా తెరిష్కోవా ఉడుపుపై పావురపు బొమ్మ కుట్టిరి. పైని నారింజరంగు తొడుగు వేయుటచే అది యెవరికిని కనబడలేదు. 1965 ఆగస్టులో జెమిని 5 నౌకలో పోయిన కూపరు, కాన్రాడు అను వారు పూర్వకాలపు గుడారపు బండి బొమ్మ వేయించి, దానిపై "ఎనిమిది దినములు, లేకున్న భంగము" అను నర్థము వచ్చు మాటలు కుట్టించిరి. నాసా పెద్దయగు వెబ్బు, ఎనిమిది దినములు నిండకయే దిగవలసివచ్చిన లోకము నవ్వునని భయపడి, ఆ మాటలపై గుడ్డముక్క కప్పించెను. వారు దాదాపు ఎనిమిది దినములుండియే దిగిరి. ఆ గుడ్డముక్క కప్పిన దర్జీ యెవరో గాని, కుట్టిన దానిపై మఱల కుట్టుట యెంత విసుగో మాకు తెలియును.

చంద్రునిపై దిగిన 1969 నాటి అపోలో 11 బిళ్లపై గ్రద్దయు, దాని గోళ్లలో ఆలివు కొమ్మయు నున్నవి. యాత్రికుల పేర్లు మాత్రము లేవు. ఆ యాత్రకై పాటుపడిన వేలమందికిని ఆ గుఱుతు చెందవలెనని పేర్లు మానిరట. ఆ వేలమందిలో మనవంటివారును కలరు. వారు తొడిగిన ఉడుపులను డెలావేరు రాష్ట్రమందు ఆడువారి లోదుస్తులు కుట్టు సంస్థలోని స్త్రీలే కుట్టుయంత్రములపై పొరమీద పొరగా కుట్టిరి. ఒక సూది పొరపాటున లోపల మిగిలిన ప్రాణాపాయము. ఈ సంగతి వినినప్పుడు మా తోడికోడలు చేతిలోని సూదిని ఒకసారి చూచుకొనినది. మన కల్పనా చావ్లా 2003లో పోయి తిరిగిరాని కొలంబియా నౌక బిళ్లపై ఏడుగురి పేర్లును అంచు వెంబడి ఉన్నవి. ఆ బిళ్ల బొమ్మను పిల్ల ఫోనులో చూపగా మేము చాలసేపు చూచితిమి.

నల్లని డ్రిల్లుగుడ్డ తెచ్చి, అడుగున గట్టి క్యాన్వాసు అంటించి, చట్రమునకు బిగించితిమి. పలకచట్రమునకు కాడకుట్టు, గోళమునకు దగ్గఱదగ్గఱగా నింపుకుట్టు, అక్షరములకు సన్నని గొలుసుకుట్టు. ఎఱుపు ఒక్కటే వాడిన గోళము కుంకుమబొట్టువలె కనబడెను. అందుచే ఇటుకరంగు, తుప్పురంగు, పసుపుకలిసిన ఎఱుపు, ఎండిన మిరపతొక్కు రంగు అను నాలుగు దారములు కలిపితిమి. వాన పడని సంవత్సరము మా పొలాలు ఎట్లుండునో అట్లే వచ్చినది. అన్నిటికంటె కష్టము అంచు. ఆఱు పేర్లు వృత్తమున కెక్కడను ఒరగక కూర్చొనవలెను. దారము కొంచెము బిగిసిన గుడ్డ ముడుచుకొనును. మా తోడికోడలికి ఇంగ్లీషు రాదు. ఆమె అక్షరములను ముగ్గులవలె చూచుకొని కుట్టినది. మాలో చదువుకొన్న దానికంటె ఆమె అక్షరములే తిన్నగా వచ్చినవి. మొదట చేయి కుదురుటకు ఒక అభ్యాసపు బిళ్ల కుట్టి ప్రక్కన పెట్టి, తరువాత అసలైనవి మొదలుపెట్టితిమి.

కడమ యైదుగురును ఇంటిపేర్లు వ్రాయించుకొనిరి. మా పిల్ల తన పేరే వ్రాసినది. ఇంటిపేరు రేపు మారవచ్చును గాని నా పేరు మారదు అని దాని వాదము. మా అత్తగారు ఇది విని, కంభము చెఱువు కట్టించినది వరదరాజమ్మ యని అందఱు చెప్పుకొందురు గాని ఆమె ఇంటిపేరు ఎవరు చెప్పుకొందురని పిల్ల పక్షము వహించిరి. పిల్ల పేరునకు ఇంగ్లీషున అక్షరములు నాలుగే. అన్నిటిలో చిన్నది గనుక పలకకు సరిగా క్రిందుగా నడుమ కూర్చొన్నది.

కార్తికపౌర్ణమికి నాలుగు పూర్తియై, ఐదవది చట్రముమీద నున్నది. అప్పుడు ఫోను వచ్చినది.

"అత్తా, నా పేరు తీసేసి ఇంకొక పేరు కుట్టండి. అక్షరాలు పంపిస్తాను."

ఏమైన దని యడిగితిమి. పరీక్షలు అడ్డువచ్చినవనియు, తన చోట వేఱొకరిని తీసికొనిరనియు చెప్పెను. స్వరములో తేడా లేదు. పరీక్షలన్న మాటను మేము నమ్మితిమి. అది మా తెలివితక్కువ.

కుట్టినదానిని విప్పుట కుట్టుటకంటె నిదానమైన పని. గొలుసుకుట్టు కొసదారము దొరకిన సరసర వచ్చునని కొందఱందురు. మేము దారము తెగకుండుటకై చిన్న చిన్న ముడులు వేసియుంటిమి గనుక ఒక్కొక్క కుట్టును సూదిమొనతో ఎత్తి కత్తిరింపవలసి వచ్చినది. నాలుగు బిళ్లలపై నాలుగేసి అక్షరములు విప్పునప్పటికి రెండు రాత్రులు పట్టినవి. విప్పిన చోట నల్లగుడ్డపై సన్నని రంధ్రములు నిలిచిపోయినవి. తడిపి గోటితో రుద్దినను పోలేదు. క్రొత్తపేరు ఎనిమిదక్షరములది. నాలుగక్షరముల చోట ఎనిమిది ఇఱికింపవలెనన్న ఇరుప్రక్కల పేర్లను కూడ కొంత జరుపవలసి వచ్చినది. రంధ్రములు మూసికొని పోవుటకు మాత్రము అది మేలైనది.

1970లో అపోలో 13 బయలుదేఱుటకు రెండుమూడు దినముల ముందు మాటింగ్లీ యను వానిని తప్పించి స్విగర్టు అను వానిని ఎక్కించిరి. ఆ బిళ్లపై పేర్లు లేనందున ఎవరును దేనిని విప్పనక్కఱలేకపోయినది. ఇటీవల 2024 సెప్టెంబరులో, అంతరిక్షకేంద్రములో చిక్కుపడిన సునీతా విలియంసును, ఆమెతోడి విల్మోరును తెచ్చుటకై నౌకలో రెండు చోటులు కావలసి, కార్డ్‌మను, విల్సను అను నిరువురు స్త్రీలను దింపి ఇద్దఱినే పంపిరి. సునీతా 2025 మార్చిలో దిగినప్పుడు మన యిండ్లలో అందఱము సంతోషించితిమి. చోటిచ్చిన ఆ యిరువురి పేర్లు మాలో నొకరికైన తెలియలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు కూర్చొన్న తరువాత తెలిసికొంటిమి. కార్డ్‌మను మఱుసటి యేడు ఆగస్టులో తానే నాయకురాలై పోయినది.

సంక్రాంతికి మా ఆడుబిడ్డ వచ్చినప్పుడు నిజము బయటపడినది. విడిదిలో నుండుటకు ఎవరి రుసుము వారే కట్టుకొనవలెనట. రాకపోకల ఖర్చు వేఱు. సగము పిల్ల తానే పిల్లలకు చదువుచెప్పి కూడబెట్టినది. కడమ సగము తండ్రి ఇత్తుననెను. బత్తాయితోట ఎండిపోవుచుండగా ఆ సొమ్ముతో బోరు వేయించెను. మొదటిది పడలేదు. రెండవదియు పడలేదు. పిల్ల తండ్రితో నొక్కమాటైన అనక, తానే విడిదివారికి రానని వ్రాసివేసినదట. ఆడుబిడ్డ ఈ సంగతి వంటయింటిలో అరిసెలు వత్తుచు చెప్పినది. బావగారి తప్పని మే మనలేము. ఎండుచున్న చెట్టును చూచుచు ఊరకుండుట రైతునకు శక్యము కాదు.

తప్పు మాది. దసరానుండి కార్తికము వఱకు ఆ పిల్ల పేరు ఆ గుడ్డపై అక్షరము వెంట అక్షరము కుట్టితిమి. ఏ దారము చాలునో, ఏ రంగు వెలయునో అడిగితిమి. ఖర్చు ఎట్లు సాగుచున్నదని మాత్రము ఒకనాడును అడుగలేదు. మా యిరువురి చేతుల గాజులు కలిపి తాకట్టు పెట్టిన ఆ మిగిలిన సగము వచ్చియుండెడిది. ఆ రాత్రి మేమిద్దఱము ఎవరికి వారము మనసులో లెక్కవేసికొంటిమి. మఱునాడు ఒకరితో నొకరు చెప్పుకొనగా ఇద్దఱి లెక్కయు ఒక్కటే.

ఆఱు బిళ్లలును వేళకు పోయినవి. పరీక్షల మాట ఎట్లున్నను, కూటమివారు ఆ రెండు వారములును పిల్లను వదలలేదు. వారికి సాయంకాలమైనప్పుడు మనకు తెల్లవాఱును. ఆ వేళకు వారు ఆనాటి లెక్కలు వ్రాసి పంపుదురు: ఎంత నీరు వాడిరి, ఏమి వండుకొనిరి, ఎవరు బయటికి పోయిరి, ఏ యంత్రము మొరాయించెను. వాటిని చదివి సరిచూచి జవాబు వ్రాయు పని దీనికి అప్పగించిరి. సెలవు పెట్టి మా యింటికి వచ్చి, తెల్లవారుజామున దుప్పటి కప్పుకొని మిద్దెమీద కంప్యూటరు ముందు కూర్చొనెడిది. క్రిందికి దిగిరాగానే మా అత్తగారు, "ఈ పొద్దు ఎన్ని బిందెలు వాడినారే?" అని యడుగుదురు. ఇది లీటర్లను బిందెలలోనికి మార్చి చెప్పెడిది. ఒకనాడు లెక్క ఎక్కువ వచ్చినది. "ఎవరో తలంటుకున్నారు, కనుక్కో" అని అత్తగారు చెప్పిరి. కనుగొనగా నిజమే.

కడపటి దినమున ఛాయాచిత్రము వచ్చినది. ఆఱుగురు ఎఱ్ఱని గుట్టముందు నిలిచియున్నారు. ఎడమభుజములపై మా పలకలు గోరంత గోరంతగా కనబడుచున్నవి. ఎనిమిదక్షరముల పేరుగల అమ్మాయి నడుమ నిలిచి నవ్వుచున్నది, చక్కని పిల్ల. మా పిల్ల ఆ చిత్రమును పెద్దది చేసి బిళ్లవైపే చూచి, "అంచు బాగా కూర్చుంది అత్తా" అని మాత్రము అనినది.

అభ్యాసపు బిళ్ల మా కుట్టుపెట్టెలోనే యున్నది. దానిని విప్పుమని ఎవరును చెప్పలేదు, మేమును విప్పలేదు. గోళము కుంకుమబొట్టువలెనే యున్నది, అక్షరములు కొంచెము ఒరిగియున్నవి, క్రింద నడుమ నాలుగక్షరముల పేరు. పిల్ల తిరిగి హైదరాబాదునకు పోవునాడు దానిని చూపితిమి. మా అత్తగారు "తీసుకోవే" అనిరి. పుచ్చుకొనలేదు. "పోయి వచ్చినాక తీసుకుంటానవ్వా" అనెను.

ఈ సంవత్సరము మఱల దరఖాస్తు పెట్టుటకు గడువు శ్రావణమాసములో ముగియునట. బోరు మూడవసారి పడినది గాని నీరు పిల్లకాలువంత. మొన్న మేమిద్దఱము గాజులు తూకము వేయించి, వచ్చు మొత్తమును కాగితముపై వ్రాసి, ఆ కాగితమును ఛాయాచిత్రము తీసి పిల్లకు పంపితిమి. చూచినట్లు గుఱుతు వచ్చినది. జవాబింకను రాలేదు.